ఏ పాలిమర్ అని అడగాలి

పిస్టల్‌లో తూటా పేలే గదీ, గొట్టమూ, దాని మీద వెనక్కీ ముందుకీ జారే స్లైడూ ఉక్కుతోనే చేస్తారు. వాటిని మోస్తూ, ట్రిగ్గర్ సామగ్రిని లోపల ఇముడ్చుకుని, మ్యాగజైన్‌కి చోటిచ్చి, చేతికి పిడిగా అందే కింది భాగం పేరు ఫ్రేమ్. 1980ల దాకా అది కూడా దాదాపు ఎప్పుడూ లోహమే. అమెరికా సైన్యం దశాబ్దాల పాటు మోసిన 1911 నమూనాలో ఉక్కు, దాని తరవాత వచ్చిన బెరెట్టాలో అల్యూమినియం మిశ్రమం. 1982లో ఆస్ట్రియా సైన్యం పాలిమర్ ఫ్రేమ్ ఉన్న గ్లాక్ 17ని ఎంచుకున్నాక లెక్క మారిపోయింది. 2017లో అమెరికా సైన్యం బెరెట్టా స్థానంలోకి తెచ్చుకున్న సిగ్ సావర్ పిస్టల్ పిడి కూడా పాలిమరే. అయినా ఆయుధాలతో పనిచేసేవాళ్ల మధ్య ఒక తగువు ఇంకా తెగలేదు. ప్లాస్టిక్ అంటే లోహానికి చవక బదులని ఒక పక్షం, లోహానికి కాలం చెల్లిందని ఇంకో పక్షం. నా ఉద్దేశంలో రెండు పక్షాలూ అసలు ప్రశ్నను పక్కన పెట్టేస్తున్నాయి. అది ఏ పాలిమరో, అందులో ఏం కలిపారో, లోహాన్ని ఎక్కడ ఉంచారో తేలకుండా ఈ తగువు తేలేది కాదు. అందుకే ఈ పక్షాలకు రెండు గొంతులు ఇస్తున్నాను. ఒకరు ఆయుధాగారంలో ఆర్మరర్‌గా పనిచేసి రిటైరైన బాబాయి. ఇంకొకరు ఇంజనీరింగ్ ప్లాస్టిక్‌లతో పనిచేసే అబ్బాయి.

బాబాయి: సూటిగా అడుగుతాను. 9 మిల్లీమీటర్ల తూటా పేలినప్పుడు గదిలో ఒత్తిడి 2,350 బార్ల దాకా ఉండొచ్చని యూరప్ ప్రమాణాలే చెబుతున్నాయి. చదరపు సెంటీమీటరు మీద రెండు టన్నులు దాటిన బరువన్నమాట. అరచేతిలో అంత పేలుడు పెట్టుకుని, దాని కింద నైలాన్ పెడతారా? ఉక్కు ఫ్రేమ్ అరిగితే కొలిచి చెప్పగలను. బీట పడితే భూతద్దంలో చూపించగలను. వంగితే సరిచెయ్యగలను. ఆ ఆయుధం నడుముకు కట్టుకుని రాత్రి డ్యూటీకి వెళ్లే కానిస్టేబుల్‌కి నేను మాటివ్వాలంటే నా చేతిలో ఉన్న సరుకు నాకు అర్థమవ్వాలి.

అబ్బాయి: ఆ ఒత్తిడి ఫ్రేమ్ దాకా రాదు బాబాయ్. తూటా పేలే క్షణంలో గొట్టమూ స్లైడూ ఒకదానికొకటి తాళం పడి ఉంటాయి. గ్యాసు తోపంతా గొట్టం గోడల మీదా, తూటా అడుగును అదిమిపట్టిన స్లైడ్ ముఖం మీదా పడుతుంది. రెండూ ఉక్కే. ఆ జంట కలిసి కొద్ది మిల్లీమీటర్లు వెనక్కి జరిగేసరికి గుండు గొట్టం దాటిపోతుంది, ఒత్తిడి పడిపోతుంది. అప్పుడే గొట్టం కిందికి వాలి తాళం విడుతుంది, ఆపైన స్లైడ్ ఒక్కటే స్ప్రింగ్‌ని నొక్కుకుంటూ వెనక్కి వస్తుంది. ఫ్రేమ్‌కి అందేవి ఆ స్ప్రింగ్ తోపు, చివర్లో స్లైడ్ కొట్టే దెబ్బ, గొట్టం వాలేటప్పుడు దాని కింది కొమ్ము తగిలే దెబ్బ. గ్లాక్‌లో ఆ కొమ్ము తగిలే చోట పాలిమర్ ఉండదు, ఉక్కు లాకింగ్ బ్లాక్ ఉంటుంది. స్లైడ్ జారే పట్టాలూ పాలిమర్ కావు. ముందు రెండు, వెనక రెండు, గోరంత ఉక్కు ముక్కలు ఫ్రేమ్‌లోంచి పైకి తేలి ఉంటాయి. స్లైడ్ గాడి నడిచేది ఆ నాలుగు ముక్కల మీదే. ఇంటి శ్లాబులో కాంక్రీటు నొక్కుడుకు ఓర్చుకుంటుంది, లాగుడుకు ఊచలు కావాలి. ఊచ ఎక్కడ పడాలో తెలియడమే మేస్త్రీ పనితనం. ఈ ఫ్రేమ్‌లోనూ ఉక్కు మాయమైపోలేదు. పని ఉన్న చోటికి వెళ్లి కూచుంది.

బాబాయి: సరే, ఒత్తిడి సంగతి ఒప్పుకున్నాను. బిగువు మాటేమిటి? యంగ్ గుణకం చూస్తే ఉక్కుది 200 గిగాపాస్కల్స్, అల్యూమినియంది 70. 30 శాతం గాజుపోగు కలిపిన నైలాన్ పొడిగా ఉన్నప్పుడు 10 దగ్గర. ఇరవయ్యో వంతు. నెమ్మదిగా తీసిన వీడియోల్లో పాలిమర్ ఫ్రేమ్ కాల్చినప్పుడల్లా అలలా ఊగడం కనిపిస్తుంది. ఊగేదాని మీద గురి ఎలా నిలుస్తుంది?

అబ్బాయి: గురి నిలవాల్సింది గొట్టానికీ, గురి చూసే ముందు వెనక గుర్తులకీ మధ్య. ఆ గుర్తులు రెండూ స్లైడ్ మీద ఉంటాయి, గొట్టం కాల్పు క్షణంలో స్లైడ్‌కే తాళం పడి ఉంటుంది. మీరు చూసిన ఊగుడు చాలావరకూ గుండు వెళ్లిపోయాక స్లైడ్ చివరికొచ్చి ఆగేటప్పటిది. అది నష్టం కూడా కాదు. దెబ్బను తక్షణం చేతికి అప్పజెప్పకుండా ఫ్రేమ్ కాసేపు తనలో ఉంచుకుంటోంది. ఇక బరువు చూడండి. ఉక్కు సాంద్రత 7.8, గాజుపోగు నైలాన్‌ది 1.37. తూటాలు లేని 1911 కిలో దాటుతుంది, బెరెట్టా 92 సుమారు 950 గ్రాములు, గ్లాక్ 17 సుమారు 700. పన్నెండు గంటలు బెల్టుకి మోసేవాడికి ఆ పావు కిలో తేడా నడుములో తెలుస్తుంది.

బాబాయి: అంటే లోహం పెట్టాల్సిన చోట పెట్టేస్తే మిగతాది ఏ ప్లాస్టిక్‌తో పోసినా ఒకటేనా? నీ వాదన అక్కడికే వస్తోంది.

అబ్బాయి: అక్కడికి రాదు, ఎందుకో చెబుతాను. పాలీప్రొపిలీన్ చవక, నీళ్లు పీల్చదు. కానీ ఆగకుండా బరువు పడితే నెమ్మదిగా సాగిపోతుంది. దాన్నే క్రీప్ అంటాం. తూటాలు నింపిన మ్యాగజైన్ స్ప్రింగ్ నెలల తరబడి తోస్తూనే ఉండే చోట అది పనికిరాదు. ఏబీఎస్ చూపుకి నున్నగా ఉంటుంది గానీ, తుపాకీ శుభ్రం చేసే ద్రావకాలు తగిలితే నిలవదు. పాలీకార్బొనేట్ దెబ్బలకి రాయిలా ఓర్చుకుంటుంది, హెల్మెట్ అద్దాలు దానితోనే చేస్తారు. కానీ లోపల బిగుతు ఉన్న చోట కొన్ని ద్రావకాలు తగిలితే చాలు, వెంట్రుకవాసి చీలికలు పుట్టి పెరుగుతాయి. నైలాన్ తీరు వేరు. దాని అణుగొలుసుల్లో కొంత భాగం ఒద్దికగా పేర్చుకుని స్ఫటికాల్లా కుదురుకుంటాయి, పక్కపక్క గొలుసుల మధ్య హైడ్రోజన్ బంధాలు పడతాయి. అందుకే నూనె, కిరోసిన్, పెట్రోలు దాన్ని ఏమీ చెయ్యవు. గాఢమైన ఆమ్లాలూ, ఫినాల్ జాతి రసాయనాలూ చేస్తాయి, కానీ వాటితో తుపాకీ ఎవరూ తుడవరు. ఇక నైలాన్‌లోనూ రకాలున్నాయి. డ్యూపాంట్‌లో వాలెస్ కరోథర్స్ 1935లో తయారుచేసిన నైలాన్ 66 దాదాపు 260 డిగ్రీల దగ్గర కరుగుతుంది. జర్మనీలో పాల్ ష్లాక్ 1938లో తెచ్చిన నైలాన్ 6 కరిగేది 220 దగ్గర. రెండోది అచ్చులో తేలిగ్గా పారుతుంది, పైతలం నున్నగా వస్తుంది. వేడికి ఎక్కువ ఓర్చుకునేది మొదటిది.

ఉత్త నైలాన్ కూడా చాలదు. 1.8 మెగాపాస్కల్స్ బరువు పెట్టి వేడి చేసే ప్రామాణిక పరీక్షలో ఉత్త నైలాన్ 66 సుమారు 75 డిగ్రీలకే వంగిపోతుంది. మండుటెండలో అద్దాలు మూసి ఆపిన కారు డ్యాష్‌బోర్డు ఆ దరిదాపుల్లోకి వెళ్లగలదు. అందులోనే 30 శాతం గాజుపోగు కలిపితే అదే పరీక్షలో 250 డిగ్రీల దాకా నిలబడుతుంది. నైలాన్ మారలేదు, దాని కరిగే వేడీ మారలేదు. మెత్తబడే గొలుసులను పోగు జారనివ్వకుండా పట్టుకుంది, అంతే. ఆ పట్టు కుదరాలని గాజుకు ముందే సిలేన్ పూత వేస్తారు. ఆ పూత సరిగ్గా పడకపోతే గాజు నైలాన్‌లో ఉన్నా లేనట్టే.

బాబాయి: పోగు అంటున్నావు, అది ఎంత పొడవుంటుంది? ఏ దిక్కుకి పడుకుంటుంది? ఉక్కు దుంగను సాగగొట్టి చేసే ఫ్రేమ్‌లో లోహం నార ఏ దిక్కుకి నడుస్తుందో నాకు తెలుసు.

అబ్బాయి: సరిగ్గా అడగాల్సింది అడిగారు. అచ్చుకి వాడే నైలాన్ గింజల్లోకి చేరేముందు పోగు మూడు నాలుగు మిల్లీమీటర్లుంటుంది. యంత్రం స్క్రూలో నలిగి అచ్చులోంచి బయటికొచ్చేసరికి చాలావరకు మిల్లీమీటరులో మూడో వంతుకు దిగుతుంది. కరిగిన నైలాన్ ఏ దిక్కుకి పారితే పోగు ఆ దిక్కుకే తిరుగుతుంది, ఆ దిక్కున బలం ఎక్కువ, అడ్డంగా తక్కువ. పిడి గోడలో మ్యాగజైన్ విడుదల బొత్తానికి ఒక రంధ్రం ఉంటుంది చూడండి. అచ్చులో ఆ రంధ్రం చోట ఉక్కు పిన్ను నిలబడి ఉంటుంది. కరిగిన నైలాన్ దాని ముందు రెండు పాయలుగా చీలి, వెనక మళ్లీ కలుస్తుంది. ఆ కలిసిన గీతను దాటి పోగు అవతలికి పోదు. అక్కడ ఉన్నది దాదాపు ఉత్త నైలాన్ బలమే. ఆ గీత ఎక్కడ పడుతుందో ముందే లెక్కగట్టి, దెబ్బ తగలని చోటికి దాన్ని నెట్టడమే అచ్చు రూపకర్త అసలు పని. బయటి నుంచి చూస్తే మంచి ఫ్రేమూ చెడ్డ ఫ్రేమూ ఒకేలా నల్లగా ఉంటాయి.

బాబాయి: అదే నా భయం. బయటి నుంచి ఒకేలా ఉంటాయని నువ్వే అంటున్నావు. 1999లో కార్గిల్ మంచులో మన ఇన్‌శాస్ రైఫిళ్ల ప్లాస్టిక్ మ్యాగజైన్లు చలికి పగిలాయని ఫిర్యాదులొచ్చాయి. కొండెక్కిన జవాను చేతిలో ఉక్కు మ్యాగజైన్ ఉండి ఉంటే ఆ మాట వచ్చేదా? మీ ప్రయోగశాల లెక్కలు ఆ కొండమీద ఎందుకు పనికొచ్చాయి?

అబ్బాయి: ఆ ఫిర్యాదు ప్లాస్టిక్ మొత్తానికి తీర్పని నేననుకోను. కానీ ఏ ప్లాస్టిక్ ఎంత చలిలో ఎంత దెబ్బ ఓర్చుకోవాలో కొనేముందే తేల్చుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి అంతకన్నా గట్టి ఉదాహరణ లేదు. ఆ తరహా చలికి రబ్బరు రేణువులు కలిపిన గట్టిరకం నైలాన్ ఉంది. బీట ఒక రేణువు దగ్గరకు రాగానే అక్కడ శక్తి ఖర్చయిపోయి ముందుకు సాగదు. అమెరికాలో కెల్‌టెక్ అనే కంపెనీ తన చిన్న పిస్టళ్ల పిడికి అలాంటి నైలాన్‌నే వాడింది. గ్లాక్ కూడా మ్యాగజైన్ విషయంలో పాఠం నేర్చుకుంది. మొదటి మ్యాగజైన్లలో ఉక్కు రేకు నాలుగు వైపులా ఉండేది కాదు. తూటాలు నింపితే గోడలు ఉబ్బి పిడిలోంచి వాటంతటవి జారిపడేవి కావు. తరవాత లోపల పూర్తిగా ఉక్కు తొడుగు పెట్టారు, ఉబ్బడం పోయింది.

ఇక్కడ బాబాయి పక్షానికి రావాల్సిన గౌరవం ఇవ్వాలి. పాలిమర్ వైపు వాదించేవాళ్లు చాలామంది దాని విజయాలన్నీ ఒక ఖాతాలో వేసి, వైఫల్యాలు వచ్చినప్పుడు మాత్రం అది వేరే ప్లాస్టిక్ అంటారు. అలా తప్పించుకోవడం న్యాయం కాదు. కొన్నవాడికి ఆ తేడా ముందే కనబడే వీలుండాలి, కనబడకపోతే తప్పు అమ్మినవాడిది. అయితే ఆ తేడా నిజంగానే ఉంది. రెమింగ్టన్ సంస్థ 1959లో నైలాన్ 66 పేరుతోనే ఒక .22 రైఫిల్ తెచ్చింది. దాని కర్ర భాగమూ, యంత్రాంగం కూచునే పెట్టె కూడా డ్యూపాంట్ నైలాన్‌తో పోసినవే. పది లక్షలకు పైగా అమ్ముడైంది. జర్మనీ హెక్లర్ అండ్ కోక్ 1970లో వీపీ70 పిస్టల్‌తో పాలిమర్ ఫ్రేమ్‌ని బజారులోకి తెచ్చింది. గాస్టన్ గ్లాక్‌కి అప్పటిదాకా పిస్టళ్ల అనుభవం లేదు. కర్టెన్ రాడ్లూ సైన్యానికి కత్తులూ చేసిన మనిషి. ప్లాస్టిక్ అచ్చు మాత్రం ఆయనకు తెలుసు. పాత తుపాకీ బొమ్మను ప్లాస్టిక్‌లో మళ్లీ పోయకుండా, ఫ్రేమ్ ఏం మోస్తుందో మొదటి నుంచి ఆలోచించడానికి ఆ నేపథ్యమే అడ్డులేకుండా చేసిందని నాకనిపిస్తుంది.

బాబాయి: తేమ సంగతి వదిలేశావు. నైలాన్ నీళ్లు తాగుతుంది. విశాఖలోనో కాకినాడలోనో సముద్రపు గాలికి సంవత్సరాలుంటే?

అబ్బాయి: తాగుతుంది, దాచను. నైలాన్ 66ని నీళ్లలో ముంచి ఉంచితే తన బరువులో 8 శాతానికి పైగా పీల్చుకుంటుంది. సగం తేమ ఉన్న గాలిలో 2.5 శాతం దగ్గర ఆగుతుంది, తీరంలో అంతకన్నా ఎక్కువే. గాజు కలిపితే నైలాన్ పాలు తగ్గుతుంది కాబట్టి పీల్చేదీ తగ్గుతుంది. అయినా 30 శాతం గాజు రకానికి పొడిగా 190 మెగాపాస్కల్స్ దగ్గరున్న తన్యబలం తేమ పట్టాక 130 దగ్గరికి దిగుతుంది, గుణకం 10 నుంచి 7కి వస్తుంది. అమ్మకపు కాగితాల్లో పెద్ద అక్షరాల్లో వేసేది పొడి లెక్క. వాడకంలో ఉండేది తడి లెక్క. రూపకల్పన తడి లెక్క మీదే జరగాలి. ఇందులో ఒక మేలూ ఉంది. తేమ పట్టిన నైలాన్ దెబ్బకు ఎక్కువ ఓర్చుకుంటుంది, పెళుసుగా పగలదు. అదే సముద్రపు గాలి ఉక్కు ఫ్రేమ్‌కి తుప్పు పెడుతుంది, దానికి ఏ మేలూ లేదు.

బాబాయి: నీళ్లు తాగని పాలిమర్ లేదా మరి?

అబ్బాయి: నైలాన్ కన్నా చాలా తక్కువ తాగేవి ఉన్నాయి. రూగర్ 1996లో తెచ్చిన పీ95 ఫ్రేమ్ నైలాన్ కాదు, పొడవాటి గాజుపోగు కలిపిన గట్టి పాలీయురేథేన్. అందులో స్లైడ్‌కి ఉక్కు పట్టాలు కూడా పెట్టలేదు, స్లైడ్ నేరుగా పాలిమర్ గాడి మీదే జారుతుంది. అయినా మొరటు పనికి నిలిచే పిస్టల్‌గా పేరు తెచ్చుకుంది. కాకపోతే ఫ్రేమ్ దళసరి పెరిగింది, చేతిలో లావుగా ఉంటుంది. కెల్‌టెక్ పీ11 ఇంకో దారి పట్టింది. లోపల 7075 అల్యూమినియంతో చిన్న అసలు ఫ్రేమ్, దాని చుట్టూ నైలాన్ తొడుగు. సిగ్ పీ320లో ట్రిగ్గర్ సామగ్రి మొత్తం ఒక స్టెయిన్‌లెస్ స్టీల్ చట్రంలో ఉంటుంది. వరస సంఖ్య దాని మీదే, చట్టం దృష్టిలో ఆయుధం అదే. పిడి ఊడదీసి మార్చుకునే తొడుగు. ఒకే సమస్యకు మూడు జవాబులివి. లోహమా ప్లాస్టిక్కా అని అడిగితే ఈ మూడింటికీ ఒకే పెట్టెలో టిక్కు పడుతుంది.

బాబాయి: మరి మరమ్మతు? 2001-02 ప్రాంతంలో తయారైన కొన్ని గ్లాక్‌లలో వెనక పట్టా ముక్కలు విరిగాయి. విరిగింది ఉక్కే, ఒప్పుకుంటాను. కానీ పాలిమర్‌లో పొదిగిన ఆ ముక్కను తీసి కొత్తది పెట్టే దారి లేదు, ఫ్రేమే మార్చాల్సి వచ్చింది. లోహపు ఫ్రేమ్ అయితే వెల్డింగ్ చేసి ఆకురాయి పట్టేవాళ్లం.

అబ్బాయి: ఆ లోటు నిజమే. లోహమూ పాలిమరూ కలిసే అతుకే ఈ ఫ్రేమ్‌లలో అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సిన చోటు. రెండూ వేడికి వేర్వేరుగా వ్యాకోచిస్తాయి, దెబ్బకు వేర్వేరుగా వంగుతాయి. సిగ్ లాంటి చట్రం పద్ధతి ఈ లోటుకు జవాబు. పగిలితే తొడుగు పారేసి కొత్తది వేసుకోవచ్చు, వరస సంఖ్య మారదు, రికార్డులు తారుమారు కావు. నా మట్టుకు రాబోయే కొనుగోళ్లలో ఆ దారినే ఇష్టపడతాను.

బాబాయి: ఇంకో మాట. ప్లాస్టిక్ తుపాకీ విమానాశ్రయం యంత్రాలకు దొరకదని 1980ల్లో అమెరికాలో పెద్ద గొడవైంది.

అబ్బాయి: గొడవైంది, తేలిపోయింది కూడా. గ్లాక్ బరువులో ఎక్కువ భాగం ఉక్కే, ఎక్స్‌రేలో దాని ఆకారం తుపాకీగానే కనబడుతుంది. అయినా 1988లో అమెరికా చట్టం తెచ్చింది. 3.7 ఔన్సుల ఉక్కు, అంటే సుమారు 105 గ్రాములు, ఉన్నంతగానైనా యంత్రానికి కనబడని ఆయుధం చెయ్యకూడదని. గొట్టమూ స్లైడూ ఉక్కుగా ఉన్నంతకాలం కంపెనీ పిస్టళ్లకు ఆ గీత దగ్గరకు వెళ్లే పనే లేదు.

బాబాయి: మన సంగతికి రా. 2021లో డీఆర్‌డీవో అస్మి మెషీన్ పిస్టల్ ప్రకటించింది. పైభాగం విమానాల్లో వాడే తరగతి అల్యూమినియం, కింది భాగం కార్బన్ ఫైబర్ అన్నారు. తయారుచేస్తున్నది హైదరాబాద్‌లోని లోకేశ్ మెషీన్స్. కార్బన్ ఫైబర్ అనగానే అందరూ తలూపారు. నీ లెక్కన తలూపొచ్చా?

అబ్బాయి: ఆ రెండు మాటలతో నాకు సగమే తెలుస్తుంది. కార్బన్ పోగుని ఏ పాలిమర్ పట్టుకుని ఉంది, పోగు పొట్టిదా నేసిన గుడ్డా, పిన్నులు దిగే రంధ్రాల దగ్గర లోహపు గొట్టాలు వేశారా అన్నవి తెలిస్తే గానీ మిగతా సగం తెలియదు. దేశంలో తయారవుతున్నప్పుడు ఈ ప్రశ్నలు అడగడం ఇంకా సులభం. మెచ్చుకోవడానికైనా వివరం కావాలి బాబాయ్.

బాబాయి: అయితే టెండరులో ఏం రాయించాలో చెప్పు. పాలిమర్ ఫ్రేమ్ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తున్నారు.

అబ్బాయి: పాలిమర్ రకం, గాజుపోగు శాతం, పొడి లెక్కతో పాటు తేమ పట్టాక బలం. సున్నాకి దిగువన ఎన్ని డిగ్రీల్లో ఎంత ఎత్తు నుంచి పడేసి పరీక్షించారో. ఉక్కు ముక్కలు ఏ చోట్ల ఉన్నాయో, వాటిని మార్చే వీలుందో లేదో. ఇవి రాయమంటే మంచి తయారీదారు ఎవరూ వెనకాడరు. మిశ్రమం రహస్యమంటే రహస్యం ఉంచుకోనివ్వండి, ఫలితాలు మాత్రం ఇవ్వమనండి.

బాబాయి: కాగితం మీద 30 శాతం గాజు అని రాసి 15 పోస్తే నేనెలా పట్టుకుంటాను? నువ్వే అన్నావు, బయటికి రెండూ నల్లగానే ఉంటాయని.

అబ్బాయి: ప్రతి లాటులోంచి ఒక ఫ్రేమ్ తీసి, ఉక్కు లేని చోట చిన్న ముక్క కోసి తూచండి. మూసలో పెట్టి 600 డిగ్రీల దగ్గర కాల్చండి. నైలాన్ కాలిపోతుంది, గాజు తెల్లటి పొడిగా మిగులుతుంది. దాన్ని మళ్లీ తూస్తే శాతం బయటపడుతుంది. చిన్న కొలిమీ, మంచి త్రాసూ ఉంటే చాలు.

బాబాయి: అయితే అది నిబంధనగానే రాయాలి. లాటుకి ఒక ఫ్రేమ్ కోసే హక్కు కొన్నవాడిది, ఆ ఫ్రేమ్ ఖరీదు అమ్మినవాడిది. లెక్క తప్పితే లాటు మొత్తం వెనక్కి పంపాలి.

అబ్బాయి: రాయించండి. పాలిమర్ పక్షాన ఆ నిబంధన కింద నేను సంతకం పెడతాను.